హెచ్‌సీఐ, యూఎక్స్ డిజైన్ చదవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

యూఎక్స్ గురించి అడిగినవాళ్లకు విడివిడిగా జవాబులు రాసీ రాసీ, చివరికి అన్నీ ఒకచోట పెడదామనిపించింది. మొదలుపెట్టే ముందు వచ్చే సందేహాలు పైన, ఉద్యోగం దాకా వెళ్లాక వచ్చేవి కింద ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

హెచ్‌సీఐ, యూఎక్స్, యూఐ... మూడూ ఒకటేనా? నేను దేన్ని చదవాలి?

ఒకటి కావు గానీ దగ్గరి చుట్టాలు. హెచ్‌సీఐ అంటే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్. మనిషి యంత్రంతో పని చేసేటప్పుడు ఏం జరుగుతుందో పరిశోధించే శాస్త్రం. సైకాలజీ, కంప్యూటర్ సైన్స్, డిజైన్ ఇందులో కలుస్తాయి. 1982లో అమెరికాలోని గేథర్స్‌బర్గ్‌లో ఈ ఆసక్తి ఉన్నవాళ్లంతా ఒక సదస్సులో కలిశారు. ఆ రోజుల్లోనే కంప్యూటర్ రంగ నిపుణుల సంఘం ఏసీఎం కింద 'సిగ్‌కై' అనే విభాగం ఏర్పడింది. అది నడిపే 'కై' సదస్సు ఇప్పటికీ ఈ రంగానికి పెద్ద పండగ లాంటిది.

యూఎక్స్ అనే మాట పరిశ్రమలో పుట్టింది. 1993లో యాపిల్‌లో చేరిన డాన్ నార్మన్ తన హోదాలో 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అని పెట్టుకున్నాక ఆ మాట పాకింది. యూఐ అంటే యూజర్ ఇంటర్‌ఫేస్, తెర మీద కనిపించేది మాత్రమే.

విమానం టికెట్ బుక్ చేశారనుకోండి. బటన్ ఎక్కడుంది, ఏ రంగులో ఉంది అన్నది యూఐ. డబ్బు కట్ అయ్యి టికెట్ రాకపోతే ఎవరిని అడగాలో తెలియక పడే టెన్షన్‌తో సహా మొత్తం అనుభవం యూఎక్స్. 'జనం తేదీని మూడేసి సార్లు ఎందుకు సరిచూసుకుంటున్నారు?' అని కూర్చుని లెక్క తీసేది హెచ్‌సీఐ. పునాది కావాలంటే హెచ్‌సీఐతో మొదలుపెట్టండి. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా యూఎక్స్ అనే కనిపిస్తుంది.

నాకు బొమ్మలు వేయడం రాదు. కుదురుతుందా?

కుదురుతుంది. గీతలు, డబ్బాలు, బాణాలు గీయగలిగితే చాలు. ఆ డబ్బాలో ఏముందో పక్కవాళ్లకు అర్థమైతే మీ డ్రాయింగ్ పాసైనట్టే. లోగోలు, బొమ్మలు, యానిమేషన్ చేసేవాళ్లు వేరే ఉంటారు. అయితే అక్షరాల సైజు, ఖాళీ జాగా, వరస ఎలా ఉండాలో కంటికి తెలియాలి. అది చేతి నైపుణ్యం కాదు, చూసి చూసి వచ్చే అలవాటు.

కోడింగ్ తప్పనిసరిగా రావాలా?

తప్పనిసరి కాదు. అయినా హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కొంచెం నేర్చుకోమనే అంటాను. మీరు గీసింది తెర మీదికి ఎలా వస్తుందో తెలిస్తే డెవలపర్‌తో సగం గొడవలు పుట్టవు. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు పైథాన్ లేదా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష డేటా చూసుకోవడానికి పనికొస్తుంది.

నేను సైకాలజీ చదివాను. కంప్యూటర్ వాళ్లకే కదా ఈ సీట్లు?

అసలు ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో చాలామంది మీవాళ్లే. రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 విమానాల కథ ఇందులో అందరూ చెప్పుకునేదే. విమానం క్షేమంగా దిగేది. ఆ తర్వాత రెక్కల ఫ్లాప్స్ మూయబోయి పైలట్లు చక్రాలు మడిచేసేవాళ్లు. విమానం పొట్ట నేలకు తగిలేది. దానికి 'పైలట్ పొరపాటు' అని పేరు పెట్టి ఊరుకునేవారు. అల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లో చూస్తే, ఆ రెండు పనులకూ ఉన్న మీటలు పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు ఒకవైపు సన్నబడే ముక్క తగిలించారు. అలసిపోయిన పైలట్ చీకట్లో తడిమినా ఏది ఏదో చేతికి తెలిసిపోయేది.

పైలట్లకు మళ్లీ శిక్షణ ఇవ్వలేదు, మీట పిడి మార్చారు. ఈ చూపు మీకుంటే మీరు ఏ డిగ్రీ చేశారన్నది రెండో విషయం. ఆర్కిటెక్చర్, భాషాశాస్త్రం, లైబ్రరీ సైన్స్, నర్సింగ్ నుంచి వచ్చి బాగా రాణించినవాళ్లు ఉన్నారు.

మాస్టర్స్ చేయాలా, బూట్‌క్యాంప్ చాలా, సొంతంగా నేర్చుకోవచ్చా?

మూడు దారుల్లోనూ దేనికుండే లోటు దానికుంది. మాస్టర్స్‌లో పరిశోధనా పద్ధతులు, సిద్ధాంతం గట్టిగా వస్తాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ లాంటి చోట హెచ్‌సీఐకి 1994 నుంచీ ప్రత్యేక సంస్థే ఉంది. కాకపోతే టైమ్, డబ్బు రెండూ పోయాలి. బూట్‌క్యాంప్ అంటే తక్కువ కాలంలో ముగిసే గట్టి శిక్షణ. అందులో పని వరస నేర్పుతారు, కానీ ఆ వరస ఎప్పుడు పక్కన పెట్టాలో నేర్పరు. ఒకే బ్యాచ్ నుంచి ఒకే అచ్చులో పోసిన పోర్ట్‌ఫోలియోలు (చేసిన పనులు చూపించే సంకలనాలు) ఇరవై వస్తాయి, చూసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

సొంతంగా నేర్చుకునేవాళ్లకు కావలసినంత మెటీరియల్ దొరుకుతుంది. దొరకనిది విమర్శ. మీ పని చూసి 'ఇది ఎందుకిలా చేశావు?' అని మొహం మీద అడిగేవాళ్లు ఒకరిద్దరు దొరికితే సొంత చదువు కూడా నడుస్తుంది. లేకపోతే రెండేళ్లయినా ఉన్నచోటే తిరుగుతారు. 'ఆరు వారాల్లో యూఎక్స్ డిజైనర్' అనే ప్రకటనను మాత్రం నమ్మకండి.

ఏఐ స్క్రీన్లన్నీ చేసేస్తోంది. ఇక ఇది చదివి లాభమేంటి?

స్క్రీన్లు గీయడమే పనిగా పెట్టుకుంటే మీ భయం న్యాయమైనదే. ఆ పని చౌకైపోయింది. ఏ స్క్రీన్ కావాలో, అసలు కావాలో వద్దో తేల్చడం చౌక కాలేదు. పైగా ఏఐతోనే కొత్త ప్రశ్నలు వచ్చాయి. అది తప్పు చెప్పినప్పుడు మనిషికి ఎలా తెలియాలి? ఎంతవరకు నమ్మాలి? ఇవి పూర్తిగా హెచ్‌సీఐ ప్రశ్నలు. పని ఎంత ఎక్కువగా యంత్రానికి అప్పగిస్తే, మనిషికి మిగిలే పని అంత కష్టమవుతుందని, అలవాటు తప్పిన చేతికే అత్యవసరం వచ్చి పడుతుందని లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే రాశారు. అప్పుడు ఆవిడ చెప్పింది ఫ్యాక్టరీల కంట్రోల్ రూమ్‌ల గురించి.

## క్లాసులు మొదలయ్యాక

సిలబస్‌లో నిజంగా ఏముంటుంది?

చూపు, జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా పనిచేస్తాయన్నది మొదట. తర్వాత డిజైన్ సూత్రాలు, ఇంటర్వ్యూలు, సర్వేలు, ప్రయోగాలు, ప్రోటోటైపింగ్ (నమూనాలు చేయడం), మూల్యాంకనం, కొంచెం గణాంకాలు, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా చేయడం), ఎథిక్స్. దాదాపు ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక గ్రూప్ ప్రాజెక్ట్ ఉంటుంది. మార్కుల కంటే ఆ గ్రూప్‌తోనే ఎక్కువ తలనొప్పి వస్తుంది, అదీ చదువులో భాగమే అనుకోండి.

ఫిట్స్ లా, హిక్స్ లా, 7±2... ఇవన్నీ కంఠస్తం పట్టాలా?

పట్టక్కర్లేదు, కానీ ఎక్కడ వర్తించవో తెలిసుండాలి. పాల్ ఫిట్స్ 1954లో తేల్చింది ఇది: ఒక లక్ష్యాన్ని అందుకోవడానికి పట్టే సమయం దాని దూరం మీద, సైజు మీద ఆధారపడుతుంది. దూరంగా, చిన్నగా ఉంటే ఎక్కువసేపు పడుతుంది. ఇందులో ఏముంది, అందరికీ తెలిసిందే కదా అనిపిస్తుంది. మౌస్‌ను ఒక్కసారి తెర పై అంచుకు విసిరి చూడండి. కర్సర్ అక్కడ ఆగిపోతుంది, ఇంకా పైకి పోదు. అంటే అంచుకు ఆనించిన బటన్ ఎంత సన్నగా ఉన్నా, ఆ దిశలో దానికి హద్దు లేనట్టే. మ్యాక్‌లో మెనూ తెర పై అంచుకు అతుక్కుని ఉండటంలో ఉన్న లాభం ఇదే. అదే బటన్ నాలుగు పిక్సెళ్లు కిందికి దించితే లాభం మొత్తం పోతుంది. ఫోన్‌లో వేలిని ఆపే అంచు లేదు, కాబట్టి ఈ ఉపాయం అక్కడ పారదు.

హిక్ 1952లో చెప్పింది ఎంపికలు పెరిగితే నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని. రెట్టింపు ఎంపికలకు రెట్టింపు సమయం పట్టదు, పెరుగుదల నెమ్మదిస్తూ పోతుంది. అక్షర క్రమంలో ఉన్న జాబితాలో తెలిసిన పేరు వెతకడం వేరే సంగతి.

ఇక జార్జ్ మిల్లర్ 1956లో రాసిన 7±2 సంగతి. 'మెనూలో ఏడు కంటే ఎక్కువ ఉండకూడదు' అని ఎవరైనా అంటే మర్యాదగా తల ఊపి వదిలేయండి. ఆయన మాట్లాడింది మనసులో గుర్తుపెట్టుకునే వాటి గురించి. మెనూ కళ్ల ముందే ఉంది, గుర్తుపెట్టుకోవలసిన పనేముంది?

నీల్సన్ పది సూత్రాలు చెక్‌లిస్టులా టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చా?

పోవచ్చు, కానీ ఒక్కరే కూర్చుని చేస్తే సగానికి పైగా సమస్యలు కనపడవు. యాకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిక్ 1990లో, కొన్ని సూత్రాలు ముందు పెట్టుకుని డిజైన్‌లో లోపాలు వెతికే ఈ పద్ధతి తెచ్చారు. 1994లో నీల్సన్ సవరించి పది సూత్రాలుగా తేల్చారు. ముగ్గురి నుంచి ఐదుగురు విడివిడిగా చూడాలి, ఒకరి నోట్స్ ఒకరు చూసుకోకూడదు, తర్వాతే కలపాలి. ఈ 'విడివిడిగా' అన్నదాన్ని క్లాసుల్లో అందరూ ఎగ్గొడతారు. ఒకే టేబుల్ చుట్టూ కూర్చుంటే ముందు నోరు తెరిచినవాళ్ల అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

గణాంకాలంటే భయం. ఎంతవరకు కావాలి?

సగటుకూ మధ్యగతానికీ తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో చెప్పే లెక్క), రెండు గుంపులను పోల్చే టెస్టులు ఒకటి రెండు. మొదట్లో ఇంతే. ఒక్క ఉదాహరణ చూడండి. ఐదుగురికి యాప్ ఇచ్చి చూస్తే నలుగురు పని పూర్తి చేశారు. రిపోర్ట్‌లో '80 శాతం విజయం' అని రాసేస్తారు. లెక్క వేస్తే అసలు విలువ సుమారు 36 నుంచి 98 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అది తెలిసినవాళ్లు '5లో 4' అని రాసి ఊరుకుంటారు. గణాంకాలు నేర్చుకునేది ముఖ్యంగా ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియడానికి.

ఫిగ్మా వస్తే చాలా?

స్క్రీన్లు గీసే టూల్ అయిన ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చిందే 2016లో. అంతకు ముందు వేరే టూల్స్ ఉండేవి, తర్వాత వేరేవి వస్తాయి. రెండు వారాలు కూర్చుంటే పనికి సరిపడా వచ్చేస్తుంది. కాంపోనెంట్లు, ఆటో లేఅవుట్ వరకు నేర్చుకుని ఆపండి. దాని మీద మూడో కోర్సు కొనేముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, ఏదైనా యాప్ వాడుతుంటే అరగంట చూడండి.

## మనుషులతో పని: ఇంటర్వ్యూలు, టెస్టులు

ఇంటర్వ్యూలో ఏమడిగినా 'బాగుంది' అనే అంటున్నారు. ఏం చేయాలి?

తప్పు ప్రశ్నలోనే ఉంటుంది. 'ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?' అంటే ఎదుటి మనిషి మొహమాటానికి 'వాడతాను' అంటారు. అందులో సమాచారం ఏమీ లేదు. రాబోయే దాని గురించి కాకుండా అయిపోయిన దాని గురించి అడగండి. 'చివరిసారి బిల్లు ఎప్పుడు కట్టారు? ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి.' ఇలా అడిగితే పాస్‌వర్డ్ మర్చిపోవడం, కూతురికి ఫోన్ చేయడం, కాగితం మీద రాసుకున్న నంబర్ వెతకడం అన్నీ బయటికొస్తాయి. 'ఆ కాగితం చూపిస్తారా?' అనండి. ఒక్కోసారి ఆ కాగితమే మీ ప్రాజెక్ట్ అవుతుంది.

ఇంకొకటి, మౌనం. వాళ్లు చెప్పడం ఆపాక వెంటనే తర్వాతి ప్రశ్నకు దూకకండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఏడో అంకె దగ్గర అసలు మాట వస్తుంది. నా మొదటి ఇంటర్వ్యూ రికార్డింగ్ తర్వాత విన్నాను. నలభై నిమిషాల్లో ఇరవై ఐదు నేనే మాట్లాడాను. సిగ్గనిపించింది గానీ, అంత మంచి పాఠం ఏ క్లాసులోనూ దొరకలేదు.

ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలంటారు. నిజమేనా?

సందర్భాన్ని బట్టి. ఇక్కడ టెస్ట్ అంటే జనం చేత మీ డిజైన్ వాడించి చూడటం. ఈ మాట నీల్సన్, లాండవర్ 1993లో వేసిన లెక్క నుంచి వచ్చింది. ఒక సమస్య ఒక మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే, ఐదుగురిని కూర్చోబెట్టేసరికి 85 శాతం దాకా సమస్యలు కనీసం ఒక్కసారైనా బయటపడతాయి. బాగానే ఉంది. కానీ ఆ 31 శాతం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పది మందిలో ఒకరికే ఎదురయ్యే సమస్య అయితే, ఐదుగురిలో అది కనిపించే అవకాశం 41 శాతమే.

ఇంకో షరతు కూడా ఉంది. ఐదు అన్నది సమస్యలు వెతకడానికి, కొలతలకు కాదు. పాత డిజైన్ కంటే కొత్తది వేగంగా ఉందా అని తేల్చాలంటే ఇంకా చాలామంది కావాలి. వాడేవాళ్లు రెండు రకాలైతే, డాక్టర్లూ రోగులూ అనుకోండి, ఒక్కో రకానికి విడిగా మనుషుల్ని తీసుకోవాలి. పదిహేను మంది దొరికితే ఒకేసారి కాకుండా ఐదేసి మంది చొప్పున మూడు సార్లు, మధ్యలో సరిచేసుకుంటూ పెట్టండి.

టెస్ట్‌లో వాళ్లు ఇరుక్కుపోతే సాయం చేయొచ్చా? చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉంది.

కష్టమే. కానీ కూర్చోవాలి.

ఒకసారి డాక్టర్ అపాయింట్‌మెంట్ ప్రోటోటైప్ టెస్ట్ చేస్తున్నాను. అరవై దాటిన ఒకావిడ తేదీ ఎంచుకున్నారు, పేరు టైప్ చేశారు. 'తర్వాత' బటన్ కీబోర్డ్ వెనక దాక్కుని ఉంది. ఆవిడ తేదీని మళ్లీ నొక్కారు. మరోసారి నొక్కారు. కళ్లజోడు సర్దుకుని, 'నాకే ఇవి సరిగా రావండి' అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. 'కింద ఉందండీ, ఇదిగో' అని వేలితో కీబోర్డ్ దించేశాను. ఆవిడ పూర్తి చేశారు. నోట్స్‌లో 'పూర్తి' అని రాసుకున్నాను. యాప్ విడుదలయ్యాక సరిగ్గా అక్కడే జనం ఆగిపోయారు. నా నోట్స్‌లో మాత్రం అంతా పాసే.

ఇప్పుడు చేసేది ఇది. ఎంతసేపు ఆగాలో ముందే రాసుకుంటాను. వాళ్లు 'ఇప్పుడేం చేయాలి?' అంటే 'నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?' అని అడుగుతాను. గడువు దాటాక చూపిస్తాను, కానీ 'సాయంతో పూర్తి' అని వేరే గడిలో రాస్తాను. మొదట్లోనే 'పరీక్ష మీకు కాదు, ఈ యాప్‌కి' అని చెప్పి, మనసులో అనుకునేది పైకి అంటూ ఉండమంటాను. ఐబీఎంలో క్లేటన్ లూయిస్ 1982లో ఈ రంగానికి తెచ్చిన పద్ధతి అది. ఇంతవరకు దానికంటే చవకైన సాధనం రాలేదు.

ఎస్‌యూఎస్ స్కోర్ 70 వచ్చింది. అంటే 70 శాతం మార్కులా?

కాదు. ఎస్‌యూఎస్ అంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నపత్రం. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకె ఇవ్వాలి. ఒకటి మెచ్చుకునేది, తర్వాతది తప్పుపట్టేది, ఇలా మారుతూ వస్తాయి. బేసి వాక్యాలకు ఇచ్చిన అంకెలోంచి ఒకటి తీసేయాలి, సరి వాక్యాలకు ఐదులోంచి ఆ అంకె తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి 70 అంటే సగటు కంటే కాస్త పైన, అంతే. ఎక్కడ బాగోలేదో ఈ అంకె చెప్పదు.

స్నేహితులు, ఇంట్లోవాళ్ల మీద టెస్ట్ చేయొచ్చా?

ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఒక ట్రయల్‌గా చేయొచ్చు. ఫలితాలుగా రాయకండి. మీ వాళ్లకు మీ మీద ప్రేమ ఉంటుంది, పైగా మీరు ఏం చేశారో ముందే తెలుసు. రెండూ టెస్ట్‌ను పాడుచేస్తాయి.

అనుమతి పత్రం ఎందుకు? నేనేం మందులు ఇవ్వడం లేదు కదా?

మందు ఇవ్వకపోయినా వాళ్ల గొంతు, తెర, తడబాటు మీ దగ్గర ఉండిపోతాయి. ఏం రికార్డ్ చేస్తున్నారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని నాలుగు ముక్కల్లో చెప్పి సంతకం తీసుకోండి. యూనివర్సిటీలో చేస్తే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా అడుగుతారు. దానికి వారాలు పడుతుంది, సెమిస్టర్ మొదట్లోనే దరఖాస్తు పెట్టండి.

## డిజైన్ చేస్తున్నప్పుడు

వైర్‌ఫ్రేమ్, మాకప్, ప్రోటోటైప్... తేడా ఏంటి?

వైర్‌ఫ్రేమ్ ఎముకల గూడు, మాకప్ బట్టలేసిన బొమ్మ, ప్రోటోటైప్ కదిలేది. కదలాలంటే కోడ్ అక్కర్లేదు. కాగితం ముక్కలు మార్చుతూ కూడా చేయొచ్చు. మాట్లాడితే టైప్ చేసే యంత్రం పనికొస్తుందా అని 1980ల మొదట్లో ఐబీఎం పరిశోధకులకు సందేహం వచ్చింది. అలాంటి యంత్రం అప్పటికి లేదు. పక్క గదిలో ఒక టైపిస్టును కూర్చోబెట్టారు. ఇక్కడ మనిషి మాట్లాడితే అక్కడ టైపిస్టు కొట్టింది తెర మీద వచ్చేది. దీన్నే 'విజార్డ్ ఆఫ్ ఆజ్' పద్ధతి అంటారు. ఇవాళ చాట్‌బాట్ ఐడియా ఉన్నవాళ్లు కూడా తెర వెనక తాము కూర్చుని మొదటి రోజే ఇలా చేసి చూడొచ్చు.

యాక్సెసిబిలిటీ చివర్లో చూసుకుంటే సరిపోదా?

చివర్లో చూస్తే రంగుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రపంచమంతా అనుసరించే వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 1999లో మొదలై 2023లో 2.2 వెర్షన్‌కి వచ్చాయి. రెండు మూడు అంకెలు చేతిలో ఉంచుకోండి. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు. ఫోన్లకు ఇంకా పెద్దది మంచిది, యాపిల్ 44 పాయింట్లు అంటుంది.

అంకెల కంటే బాగా నేర్పే పని ఒకటుంది. మౌస్ పీకేసి, ట్యాబ్ కీతో మాత్రమే మీ సొంత డిజైన్‌లో ఒక ఫారం నింపండి. ఇప్పుడు ఎక్కడున్నారో తెర మీద కనపడుతోందా? ఆ తర్వాత ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి కళ్లు మూసుకోండి. 'బటన్, బటన్, బటన్' అని తప్ప ఇంకేం వినపడకపోతే, ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలుగులో ఇంటర్‌ఫేస్ చేస్తుంటే అంతా ఇరుకుగా, తెగిపోయినట్టు కనిపిస్తోంది. ఎందుకు?

ఇంగ్లీష్ అక్షరాల కొలతకు కుట్టిన గుడ్డ తెలుగుకు చాలదు. మనకు గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. లైన్ హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) పెంచకపోతే పై లైన్ వత్తు కింది లైన్ గుడికి తగులుతుంది, లేదా బటన్ అంచు దగ్గర కోసుకుపోతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు పెట్టి చూడండి, ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ జోలికి వెళ్లకండి.

మాటల సంగతి ఇంకా పెద్దది. ఒక యాప్‌లో 'బుకింగ్ రద్దు చేయాలా?' అనే ప్రశ్న కింద రెండు బటన్లు చూశాను: 'రద్దు' అని ఒకటి, 'సరే' అని ఒకటి. రద్దు నొక్కితే బుకింగ్ రద్దవుతుందా, రద్దు చేయడం రద్దవుతుందా? 'బుకింగ్ రద్దు చేయి', 'ఉంచు' అని రాస్తే పోయేది. నిఘంటువులోంచి తెచ్చిన మాట కంటే జనం నోట్లో ఉన్న 'సబ్మిట్', 'లాగిన్' నయం. దీనికి నియమం లేదు, ఇద్దరు ముగ్గురికి చూపించి 'ఇది నొక్కితే ఏమవుతుంది?' అని అడగాలి.

యూజర్లను మభ్యపెట్టే స్క్రీన్ చేయమంటున్నారు. కాదంటే ఉద్యోగం పోతుందేమో?

ఇలాంటివాటికి హ్యారీ బ్రిగ్నల్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. చేరడానికి ఒక్క క్లిక్, మానుకోవడానికి పదకొండు స్క్రీన్లు అనే రకం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లు ఇలా మోసపుచ్చడాన్ని నిషేధించింది. నీతి గురించి ఉపన్యాసం ఇస్తే మీటింగ్‌లో ఎవరూ వినరు. ఫిర్యాదులు ఎన్ని వస్తాయో, డబ్బు వాపసు ఎంత ఇవ్వాలో, చట్టం ఏమంటుందో ముందు పెడితే వింటారు. ఆ పైన కూడా చేయమంటే, మీ అభ్యంతరం మెయిల్‌లో రాసి పెట్టుకోండి. వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టినా తప్పు లేదు.

## పోర్ట్‌ఫోలియో, ఉద్యోగం

నా దగ్గర నిజమైన ప్రాజెక్టులు లేవు. పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టను?

పేరున్న యాప్‌కు రంగులు మార్చి 'రీడిజైన్' అని పెట్టకండి. అవి చూసి చూసి అందరికీ విసుగొచ్చింది. మీ చుట్టూ ఉన్న చిన్న సమస్య తీసుకోండి: లైబ్రరీలో పుస్తకం వెతకడం, క్లినిక్‌లో టోకెన్ పద్ధతి, కాలేజీ ఫారం. ముగ్గురిని చూసి, ఒకటి మార్చి, మళ్లీ ముగ్గురితో టెస్ట్ చేసింది పెడితే అది నిజమైన ప్రాజెక్టే. రెండు మూడు చాలు.

కేస్ స్టడీలో ఏం రాయాలి?

కేస్ స్టడీ అంటే ఒక ప్రాజెక్ట్ ఎలా నడిచిందో చెప్పే కథ. అందులో రాయాల్సింది మీరు తీసుకున్న నిర్ణయాలు. పసుపు కాగితాలు అతికించిన గోడ ఫొటో అందరి దగ్గరా ఉంది, అది ఏమీ చెప్పదు. 'మొదట మూడు అంచెల ఫారం చేశాం, ఐదుగురిలో నలుగురు రెండో అంచెలో వెనక్కి వెళ్లారు, అందుకే ఒకే పేజీ చేశాం, దానివల్ల ఈ కొత్త ఇబ్బంది వచ్చింది' అని రాస్తే చదివేవాళ్లు ఆగుతారు. గ్రూప్ పని అయితే అందులో మీ వంతు ఏదో స్పష్టంగా రాయండి, ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు.

ఇంటర్వ్యూలో డిజైన్ టాస్క్ ఇస్తే ఎలా మొదలుపెట్టాలి?

వెంటనే గీయడం మొదలుపెట్టకుండా. ఎవరి కోసం, ఎక్కడ వాడతారు, ఇప్పుడు ఆ పని ఎలా చేసుకుంటున్నారు అని అడగండి. మీరు ఊహించుకున్నవి బోర్డు మీద ఒక మూల రాయండి. టైమ్ అయిపోయేలోపు ఒక దారి మొదటినుంచి చివరిదాకా చూపించగలిగితే చాలు. వాళ్లు మధ్యలో ఏదైనా తప్పుపడితే సమర్థించుకోవడం మొదలుపెట్టకండి. వాళ్లు చూస్తున్నది ఎక్కువగా అక్కడే.

రీసెర్చర్‌గా వెళ్లాలా, డిజైనర్‌గానా?

మొదటి ఏడాది తేల్చుకోనక్కర్లేదు. చిన్న కంపెనీల్లో రెండూ ఒక్కరే చేస్తారు. టెస్ట్ అయ్యాక మీకు నోట్స్ రాయాలనిపిస్తుందా, స్క్రీన్ మార్చాలనిపిస్తుందా అన్నది గమనించండి.

ఉద్యోగంలో చేరాక రీసెర్చ్‌కు టైమ్ లేదంటున్నారు. ఏం చేయను?

దాదాపు అందరూ ఇదే రాస్తారు. నెల రోజుల రీసెర్చ్ ప్లాన్ ఇస్తే ఒప్పుకోరు. ఒక మధ్యాహ్నం, ముగ్గురు మనుషులు, ఒకే పని అని అడగండి. కస్టమర్ కేర్‌కు వచ్చిన ఫిర్యాదులు చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది కూడా రీసెర్చే.

టెస్ట్ పెట్టినప్పుడు మాత్రం ఒక డెవలపర్‌నీ, మేనేజర్‌నీ పక్క గదిలో కూర్చోబెట్టి లైవ్‌లో చూపించండి. తాము కట్టిన బటన్ దొరక్క ఒక మనిషి నాలుగు నిమిషాలు తిప్పలు పడుతుంటే వాళ్లు కుర్చీలో కూర్చోలేరు, 'అక్కడే ఉంది కదా, నొక్కరేం?' అని తెరతో మాట్లాడటం మొదలుపెడతారు. నేను చూసిన ఒక టీమ్‌లో ఆ బటన్ అదే సాయంత్రం పైకి జరిగింది. రిపోర్ట్ నేను ఇంకా రాయనే లేదు.